గ్రహణం రాత్రి పోతన

(అడివి బాపిరాజు స్మారకోపన్యాసం, మొగల్తూరు, సెప్టెంబరు 2025)



మొగల్తూరు పేరు చెప్పగానే తెలుగువాళ్ళ కళ్ళ ముందు రెండు మొహాలు నిలబడతాయి. ఒకటి కృష్ణంరాజు గారిది, ఇంకొకటి చిరంజీవి గారిది. ఏ జిల్లాలో, ఏ దేశంలో ఉన్న తెలుగువాడైనా చీకట్లో కూడా పోల్చుకోగలిగిన మొహాలవి. అలాంటి ఊళ్ళో నిలబడి, ఈ సాయంత్రం అసలు మొహమే లేని మనుషుల గురించి మాట్లాడబోతున్నాను. నన్నయ పొడుగో పొట్టో మనకు తెలియదు. తిక్కనకు గడ్డం ఉందో లేదో తెలియదు. పోతన నలుపా, చామనఛాయా, అదీ తెలియదు. వాళ్ళ కాలంలో వాళ్ళ బొమ్మ గీసి దాచినవాడు ఎవడూ లేడు. అయినా ప్రతి హైస్కూల్లోనూ హెడ్మాస్టరు గది గోడ మీద ముగ్గురూ వరసగా వేలాడుతుంటారు. ముగ్గురికీ ఇంచుమించు ఒకటే మొహం. గడ్డం తెల్లబడ్డ తీరులోనే తేడా.

ఆ ఫ్రేముల్లో ఉన్న భంగిమ కూడా ఒకటే. కవి ఒంటరిగా కూర్చుని ఉంటాడు. వెనక చెట్టో, స్తంభమో. ఒళ్ళో తాటాకులు, చేతిలో గంటం. చూపు మాత్రం ఆకు మీద ఉండదు, పైన ఎక్కడో ఉంటుంది. ఒక పక్క నుంచి వెలుతురు పడుతుంది, రెండో చెంప నీడలో ఉంటుంది. నూనె రంగుల్లో వేసినా, క్యాలెండరు మీద అచ్చేసినా, పాఠ్యపుస్తకంలో చిన్న గళ్ళో ఇరికించినా బొమ్మ మారదు. కవి అంటే ఏకాంతంలో ఆలోచిస్తున్న మనిషి అని ఆ బొమ్మ మనకు చిన్నప్పుడే నేర్పేసింది. ఇది మన పాఠం కాదనీ, బడిలో చదువుకున్న పాఠమనీ, అది కూడా చిత్రకళ బడిలో అనీ నా అనుమానం.

చెన్నపట్నంలో 1850లో, బొంబాయిలో 1857లో చిత్రకళా పాఠశాలలు వచ్చాయి. అక్కడ నేర్పింది ఐరోపా పద్ధతి: ఎముకా కండా లెక్కగా ఉండాలి, దూరం పోయేకొద్దీ వస్తువు చిన్నదవ్వాలి, వెలుతురు ఒక దిక్కునుంచి రావాలి. దానికి సాధన ఏమిటంటే, ఒక మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి గంటల తరబడి చూసి గీయడం. కూర్చున్నవాడు కదలకూడదు. మాట్లాడకూడదు. పక్కన ఇంకొకడు ఉండకూడదు, ఉంటే నీడలు కలిసిపోతాయి. అంతసేపు కదలకుండా కూర్చున్న మనిషి దేన్నో ఆలోచిస్తున్నట్టు తప్ప ఇంకెలా కనిపిస్తాడు? చేతిలో చీపురు పెడితే ఊడుస్తున్నట్టు ఉండదు, గంటం పెడితే మాత్రం కవిలా ఉంటాడు. బొమ్మలోని ఏకాంతం కవి బతుకులోంచి రాలేదు, ఆ స్టూలు మీద నుంచి వచ్చింది.

గంటం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ బొమ్మలు వేసినవాళ్ళలో చాలామంది తాటాకు మీద ఎవరైనా రాస్తుండగా చూసినట్టు లేదు. తాటాకు మీద సిరాతో రాయరు. ఇనప గంటంతో గీస్తారు. ఎడమ చేత్తో ఆకు పట్టుకుని, ఆ చేతి బొటనవేలితోనే గంటాన్ని నెడుతూ ఉండాలి. గీసినప్పుడు అక్షరం సరిగా కనిపించదు కూడా. తర్వాత మసి పూసి తుడిస్తే గీతల్లో నలుపు నిలుస్తుంది. ఇంత పని ఉన్నవాడు ఆకాశం వంక చూస్తూ రాస్తే ఆకు చీరుకుపోతుంది. కొన్ని బొమ్మల్లో తాటాకుల పక్కన సిరాబుడ్డీ, అందులో నెమలి ఈకా ఉంటాయి. వాటి గురించి మాట్లాడకపోవడమే మర్యాద.

ఐరోపాలో ఈ బొమ్మకు పెద్దన్న లాంటిది ఒకటుంది. టిష్బైన్ అనే జర్మన్ చిత్రకారుడు 1787లో రోమ్‌లో కవి గొయిథేను వేశాడు. ఇప్పుడు ఫ్రాంక్‌ఫర్టులో ఉంది. రెండు గజాలకు మించిన వెడల్పు. పెద్ద అంచు టోపీ, తెల్లటి దుప్పటి లాంటి అంగీ, వెనక శిథిలాలు, దూరంగా కొండలు. గొయిథే రాతి దిమ్మల మీద ఒరిగి కూర్చుని కాలాన్నంతా చూస్తున్నట్టు చూస్తుంటాడు. ఎంత గంభీరమైన బొమ్మంటే, అందులో ఆయనకు రెండూ ఎడమ పాదాలే ఉన్నాయని చాలామంది గమనించరు. ఆ రోజుల్లో గొయిథే, టిష్బైన్ రోమ్‌లో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. అదే ఏడాది అదే చిత్రకారుడు ఆ ఇంట్లోనే ఒక చిన్న నీటిరంగుల బొమ్మ కూడా వేశాడు. అందులో గొయిథే కిటికీ మీదకు వంగి వీధిలోకి చూస్తున్నాడు. మనకు వీపే కనిపిస్తుంది. కాలి చెప్పు మడమ నుంచి జారి ఉంది. బొమ్మ వేస్తున్నట్టు ఆయనకు తెలుసో లేదో! ఏకాంతమంటే ఈ రెండోదే అని నేననుకుంటాను. మొదటిది ఏకాంతం నటిస్తున్న సభ. అయినా పాఠ్యపుస్తకాల్లోకి మొదటిదే ఎక్కింది, ఎక్కక మానదు కూడా. ఆంగ్ల కవి షెల్లీ 1822లో పోయాడు. ఆయన రోమన్ శిథిలాల్లో కూర్చుని కావ్యం రాస్తున్నట్టు సెవర్న్ అనే చిత్రకారుడు వేసిన బొమ్మ 1845 నాటిది. కవి పోయాక ఇరవై మూడేళ్ళకు వేసిన ఏకాంతం అది.

మన గోదావరికి వద్దాం. ఈ పద్ధతి రాజమండ్రికి ఎలా వచ్చిందో మీలో చాలామందికి తెలిసిన కథే. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే దొరకు బొమ్మలన్నా పద్యాలన్నా ప్రాణం. ఆయన చేతుల్లోంచి దామెర్ల రామారావు వచ్చాడు, కవికొండల వెంకటరావు వచ్చాడు, మన బాపిరాజూ వచ్చాడు. రామారావును ఆ దొరే బొంబాయి జె.జె. స్కూలుకు దారి పట్టించాడు. ఆ బడిలో మనిషి ఒంటిని చూసి గీయడం రామారావు ఎంత క్షుణ్ణంగా నేర్చుకున్నాడో రాజమండ్రిలో దామెర్ల చిత్రశాలకు వెళ్తే ఇప్పటికీ చూడొచ్చు. 1925లో మశూచితో పోయేనాటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్ళు నిండలేదు. స్టూలు మీద ఒంటరి మనిషిని గీయడం నేర్చుకున్న ఆ చేయి సొంతంగా బొమ్మ కట్టినప్పుడు ఒంటరిని వెతకలేదు. తలలో పూలు తురుముకునే ఆడవాళ్ళు, బావి దగ్గర చేరినవాళ్ళు. అడవిలో ఒంటరిగా పెరిగిన ఋష్యశృంగుణ్ణి వేసినా, ఆ ఒంటరితనం చెదిరే ఘట్టాన్నే ఎంచుకున్నాడు.

బాపిరాజు గారి దారి వేరు. ఆయన 1895లో మన పక్కనే భీమవరంలో పుట్టారు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయ దగ్గర బెంగాలీ పద్ధతి నేర్చుకున్నారు. అది నూనె రంగుల దట్టమైన పద్ధతి కాదు. పల్చటి నీటిరంగు పూత మీద పూతగా వేసి, కడిగి, మళ్ళీ వేసి, పొగమంచులోంచి మనిషిని బయటికి తెచ్చే పద్ధతి. తర్వాత ఆయన అదే కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యారు. ‘నారాయణరావు’ నవలకు విశ్వనాథ వారి ‘వేయిపడగలు’తో పాటు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమానం వచ్చింది. ‘శశికళ’ పాటలు రాశారు, జైలుకు వెళ్ళారు, ప్లీడరీ చేశారు, సినిమాలకు కళాదర్శకత్వం చేశారు, పత్రిక నడిపారు. ఇన్ని పనులు చేసిన మనిషికి ఏకాంతం ఎప్పుడు చిక్కిందో నాకు అంతుపట్టదు.

ఆయన బొమ్మల్లో జనం నోట నలిగినవి రెండు: సముద్రగుప్తుడు, తిక్కన. ఈ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకరు చక్రవర్తి, ఒకరు మంత్రి. అలహాబాదు స్తంభం మీద హరిషేణుడు రాసిన ప్రశస్తి సముద్రగుప్తుణ్ణి కవిరాజు అంటుంది. ఆయన వేయించిన బంగారు నాణెం మీద రాజు మంచం మీద ఒక్కడే కూర్చుని వీణ వాయిస్తుంటాడు. మన దేశంలో కవి ఒంటరిగా ఉన్న పాత బొమ్మ కావాలంటే అంతకంటే పాతది చూపించడం కష్టం. అయితే అది ఎక్కడుందో చూడండి: నాణెం మీద! లక్షమంది చేతులు మారాల్సిన ఏకాంతం అది. ఇక తిక్కన నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో మంత్రి. రాజు గద్దె కదిలినప్పుడు సాయం అడగడానికి ఓరుగల్లు గణపతిదేవుడి దగ్గరకు రాయబారం వెళ్ళాడని చెప్పుకుంటారు. కవుల్లో బొమ్మకు ఎవరిని ఎంచుకోవాలా అని ఆలోచించినప్పుడు బాపిరాజు గారి మనసు రాజ్యం చేసిన ఇద్దరి మీదికి పోయింది. చెట్టు కింద కూర్చోబెట్టడానికి వీళ్ళకంటే సులువైనవాళ్ళు చాలామందే ఉన్నారు.

తెలుగు కవి తన బొమ్మ తానే గీసుకున్న చోటు ఒకటుంది. అది కావ్యం మొదట్లో ఉండే అవతారిక. పిల్లలకు పాఠంలో దాన్ని వదిలేసి కథలోకి దూకుతారు గానీ, చిత్రకారుడికి కావలసిందంతా అక్కడే ఉంది. ఆ అవతారికల్లో కవి సాధారణంగా కొలువులో ఉంటాడు. రాజు సింహాసనం మీద, చుట్టూ పండితులు, సామంతులు, గాయకులు. పిలుపు వస్తుంది, తాంబూలం వస్తుంది, కావ్యం మొదలవుతుంది. నన్నయ భారతం అలాగే మొదలవుతుంది, రాజరాజనరేంద్రుడి సభలో. నన్నయ అక్కడితో ఆగలేదు. ఈ పనిలో తనకు నారాయణభట్టు తోడున్నాడని, భారత యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు తోడున్నట్టు ఉన్నాడని చెప్పుకున్నాడు. వట్టి మర్యాదకు అన్న మాట కాదది. వసిష్ఠ దాటితే మనకు కోనసీమ. అక్కడి నందంపూడిని రాజరాజనరేంద్రుడు 1053లో అదే నారాయణభట్టుకు అగ్రహారంగా ఇచ్చాడు. ఆ శాసనాన్ని రచించినవాడు నన్నయభట్టే. తోడున్న మనిషికి ఊరు దక్కింది, ఆ దానపత్రాన్ని స్నేహితుడే రాశాడు. ఇంత చక్కగా రాతకెక్కిన స్నేహాన్ని పక్కన పెట్టి, మనం నన్నయను గోదావరి ఒడ్డున ఒక్కణ్ణే కూర్చోబెట్టాం.

తిక్కన దగ్గరకు వస్తే ఒంటరి బొమ్మ అసలే నిలవదు. విరాటపర్వం నుంచి పదిహేను పర్వాలు ఆయన నోటితో చెబుతుంటే కుమ్మరి గురునాథుడు రాశాడని ఐతిహ్యం. చెప్పేవాడు తడబడకూడదు, రాసేవాడు ఆగకూడదు అని ఇద్దరి మధ్యా పట్టుదల ఉండేదట. ఒకచోట తిక్కనకు మాట తట్టక గురునాథుణ్ణి పేరు పెట్టి పిలిచి వాపోతే, ఆ పిలుపే పద్యంలో ధృతరాష్ట్రుణ్ణి పిలిచినట్టుగా ఛందస్సులో కుదురుకుందని కథ. పద్యం పూర్తయిందని ముందు పసిగట్టింది చెప్పిన కవి కాదు, రాస్తున్న కుమ్మరి. ఇది జరిగిందా, ఎవరో పండితుడు కల్పించాడా అని వాదించుకోవచ్చు. తరతరాలుగా దాన్ని చెప్పుకుంటున్న జాతి కవిత్వాన్ని ఎలా ఊహించుకుందో మాత్రం అందులో స్పష్టంగా ఉంది. ఒకడు చెప్పాలి, ఒకడు వినాలి. అవధానాలు చూసిన ఊళ్ళవాళ్ళు మీరు. పృచ్ఛకులు లేకుండా అవధాని బొమ్మ వేస్తే ఎలా ఉంటుంది? తిరుపతి వేంకట కవుల జంటలో ఒక్కరినే వేస్తే ఎలా ఉంటుంది?

శ్రీనాథుడి మాట తేల్చేసి ముందుకు వెళ్తాను. రాజమండ్రి రెడ్డిరాజుల కొలువులో ఆయన అనుభవించిన భోగం, చివర్లో పడిన బాధ, రెండూ మీకు తెలుసు. ఆ కథను సినిమాగా తీసింది నరసాపురంలో పుట్టిన బాపు గారే, 1993లో, ఎన్.టి. రామారావు గారితో. కొలువు కూలిపోయాక వచ్చే ఒంటరితనం ఏకాంతం కాదు, దాన్ని ధ్యానంలా వేయడం అన్యాయం. మొల్ల విషయంలో మన చిత్రకారులు చేసింది ఇంకో రకం. ఆమెనూ చెట్టు కింద ఒంటరిగా కూర్చోబెట్టారు. కుమ్మరి ఇంట్లో పుట్టిందని లోకం చెప్పుకునే ఆడమనిషికి చక్రం, ఆవం, వంట, నీళ్ళు వీటన్నిటి మధ్య చెట్టు కింద కూర్చునే తీరిక ఎవరిచ్చారు?

ఇంతసేపూ నేను చెప్పినదానికి ఎదురు నిలబడే కవి ఒకడున్నాడు. పోతన. భాగవతం అవతారికలో కొలువు లేదు, తాంబూలం లేదు, రాజు లేడు. కవి ఒక్కడే ఉన్నాడు, కళ్ళు సగం మూసుకుని ఉన్నాడు. ఏకాంత చింతనలో ఉన్న కవి బొమ్మ తెలుగులో ఎక్కడైనా ఉందంటే అదే. దాన్ని గీసింది కూడా పోతనే.

పోతన చెప్పిన సంగతి ఇది. ఒక పున్నమి రాత్రి. చంద్రగ్రహణం వస్తోంది. పెద్దల అనుమతి తీసుకుని గంగకు వెళ్ళాడు. స్నానం చేసి, బయటికి వచ్చి, ఇసుకతిన్నె మీద కూర్చుని మహేశ్వరుణ్ణి ధ్యానిస్తున్నాడు. కళ్ళు కొద్దిగా తెరుచుకుని ఉన్నాయి. అప్పుడు మూపున విల్లున్న రాజకుమారుడు, పక్కన ఒక స్త్రీ కనిపించారు. తాను రామభద్రుణ్ణని, తన పేర భాగవతం తెలుగు చేయమని ఆ రాజకుమారుడు చెప్పి మాయమయ్యాడు. శివుణ్ణి ధ్యానిస్తుంటే రాముడు రావడం గురించి, అది ఏ నది అన్నదాని గురించి పండితులు చాలా చర్చించారు. గోదావరిని మనమూ గంగ అనే అంటాం కాబట్టి ఈ ఒడ్డున కూర్చుని ఆ చర్చలో తటస్థంగా ఉండటం నా వల్ల కాదు.

ఇంత స్పష్టంగా దృశ్యం, వేళ, వెలుతురు, కనురెప్పల తీరు సైతం కవే చెప్పి పెడితే మనవాళ్ళు వేసిందేమిటి? నాగలి, పొలం, తాటాకులు, కన్నీరు పెట్టుకున్న సరస్వతి. 1940లలో వాహినీవారి ‘భక్త పోతన’ సినిమా వచ్చాక పోతనకు నటుడు నాగయ్య గారి మొహం అతుక్కుపోయింది. ఆ సాత్విక ముఖంతో నాకు తగువు లేదు. నాగలి బొమ్మతో కూడా పెద్ద తగువు లేదు. కవి స్వయంగా రాసిన దాన్ని వదిలేసి చాటు కథల వెంట పోవడం ఏమిటన్నదే నా బాధ.

ఒక కారణం మాత్రం చెప్పగలను, అది వెలుతురుకు సంబంధించింది. బడిలో నేర్చిన చిత్రకారుడికి వెలుగు ఒక పక్క నుంచి రావాలి. పున్నమి వెన్నెల అయితే అతనికి ఇష్టమే. గ్రహణం పట్టిన పున్నమిని ఏం చేస్తాడు? 2025 సెప్టెంబరు 7వ తేదీ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం పట్టింది కదా. మబ్బు లేనిచోట చూసినవాళ్ళకు తెలుస్తుంది. పదకొండు గంటల వేళకు చంద్రుడు పూర్తిగా రాగి రంగుకు తిరిగాడు, ఇంచుమించు గంటంబావు అలాగే ఉన్నాడు. ఆ వెలుగులో నీడలు ఉండవు. మనిషి పక్కన అతని నీడ పడదు. పున్నమి నాడు దాక్కునే చుక్కలు అప్పుడు బయటికొస్తాయి. ఇసుక తెల్లదనం పోతుంది, బూడిదా కాదు ఎరుపూ కాదు అన్నట్టు ఉంటుంది. నీడల మీద బతికే చిత్రకళకు ఇంతకంటే చిక్కు పరీక్ష లేదు. నూనె రంగుల వాళ్ళు రాముడి తల వెనక ఒక కాంతి చక్రం పెట్టి, దాంతో పోతన మొహం వెలిగించి గండం గట్టెక్కుతారు. బాపిరాజు గారి నీటిరంగుల కడుగుడు పద్ధతికి మాత్రం ఆ రాత్రి సొంత ఇల్లే. అందుకే ఆయన పోతనను ఈ ఘట్టంలో వేసి ఉంటే బాగుండేదని నాకు ఆశ. నన్నడిగితే రాముణ్ణి అసలు వేయకూడదు. సగం తెరిచిన కళ్ళు చాలు. చూస్తున్నది ఏమిటో కావ్యం చెబుతుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యం. గ్రహణం రాత్రి నది ఒడ్డు ఎలా ఉంటుందో గోదావరివాళ్ళకు నేను చెప్పాలా? నరసాపురం రేవులోనూ, అంతర్వేదిలోనూ, రాజమండ్రిలోనూ పట్టుస్నానం, విడుపుస్నానం అని జనం దిగుతారు. ముసలమ్మలు, పిల్లలు, జపాలు చేసుకునేవాళ్ళు, తడిబట్టలు పిండుకునేవాళ్ళు, తప్పిపోయిన మనవడి కోసం కేకలు వేసేవాళ్ళు. ఆ రాత్రి ఒడ్డు మీద ఒంటరిగా ఉండటం సాధ్యమే కాదు. పోతన గ్రహణ స్నానానికి వెళ్ళాడంటే ఆ జనంలోకి వెళ్ళాడనే అర్థం. పైగా పెద్దల అనుమతి తీసుకుని వెళ్ళాడు! ఏకాంతానికి కూడా నలుగురినీ అడిగి వెళ్ళిన కవి ఇంకెక్కడైనా ఉన్నాడా? ఆయన చుట్టూ పది మంది కళ్ళు మూసుకుని జపం చేసుకుంటూ ఉండి ఉంటారు. ఆయనకు కనిపించింది వాళ్ళకు కనిపించలేదు, అంతే తేడా. ఖాళీ ఇసుకతిన్నె మీద ఒక్క ఆకారాన్ని కూర్చోబెట్టడం కంటే, మోకాళ్ళ లోతు నీళ్ళలో జనాన్ని వేసి, వాళ్ళలో ఒకడిగా పోతనను వేసి, అతనే పోతన అని చూసేవాడికి తెలిసేలా చేయడం ఎంతో కష్టం. ఆ కష్టానికి తగిన చిత్రకారుడు మనకు రావాలి.

ఈ సభలో డ్రాయింగు నేర్చుకుంటున్న పిల్లలు కొందరు ముందు వరసల్లో కూర్చున్నారు. వాళ్ళకు ఒక తేదీ చెప్పి సెలవు తీసుకుంటాను. 2026 మార్చి 3 గ్రహణంలో మనకు చంద్రుడు పైకి వచ్చే వేళకే సంపూర్ణ దశ దాటిపోతుంది, అది పనికిరాదు. 2028 డిసెంబరు 31 రాత్రి, మన దగ్గర పది గంటలు దాటాక నడినెత్తికి దగ్గరగా సంపూర్ణ గ్రహణం ఉంటుంది. ఊరంతా కొత్త సంవత్సరం కేకు కోసే హడావుడిలో ఉంటుంది. పెద్దవాళ్ళు స్నానాలకు వసిష్ఠకు బయల్దేరతారు. కేకు సంగతి తర్వాత చూసుకుని మీరు వాళ్ళ వెంట వెళ్ళండి. ముందు ఇంట్లో అడిగి వెళ్ళండి. రంగులు పగలే కలిపి పెట్టుకోండి, ఆ వెలుగులో ఎరుపేదో గోధుమేదో తెలియదు. సెల్‌ఫోను లైటు మాత్రం వేయకండి, వేస్తే చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలన్నీ మళ్ళీ హెడ్మాస్టరు గదిలోని ఫ్రేముల్లాగే కనిపిస్తాయి.